పెదవంపుకు ఐదు మార్కులు

శుద్ధ తదియ

పొద్దున్నే పడవ తీశాను. తెడ్డు నీళ్లలోకి దించి, దాని పిడికి చెవి ఆనించి, నూరు లెక్కపెట్టేదాకా విన్నాను. గొరక చేపలు బాగా అరుస్తున్నాయి. ఐదుకి ఐదు.

నా ఉద్యోగం ఇదే. కాగితాల్లో దీని పేరు మానవ సాక్షి. పెదవంపు మా ఊరి అఖాతం. దాని నీటి ఆరోగ్యం చూసేది నాడి అనే యంత్రం. నీళ్ల కింద దానికి అరవై చెవులు, నలభై కళ్లు. నూటికి తొంభై ఐదు మార్కులు అదే వేస్తుంది. మిగిలిన ఐదు మనిషి వేయాలని చట్టం. యంత్రాన్ని ఎవరూ నమ్మని రోజుల్లో రాసిన చట్టమట. ఇప్పుడు మనిషిని ఎవరూ నమ్మరు గాని, చట్టం మార్చడం మరిచిపోయారు. ఆ మరుపు మీద నేను ఇరవై రెండేళ్లుగా బతుకుతున్నాను.

నేను చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి. ఐదుకి ఐదు వేయడానికి అది సరిపోతుంది.

ఇవాళ మొత్తం తొంభై రెండు. కింది రోడ్డులో పెద్ద బోర్డు మీద ఆకుపచ్చ రంగులో వెలుగుతోంది. దాని కింద, "మన అఖాతం దేన్నయినా తట్టుకుంటుంది" అని రాసి ఉంటుంది. తట్టుకుంటావా అని దాన్ని ఎవరూ అడిగినట్టు లేరు.

చవితి

పటిక పడవ వచ్చింది. వారానికోసారి వంపంతా పటిక చల్లి పోతుంది. బురద కిందికి దిగి నీళ్లు తేటపడతాయి, నాడి కళ్లకు బాగుంటుంది. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగు కనిపిస్తోంది. అడుగున ఏమీ లేదన్న సంగతి కూడా కనిపిస్తోంది. దానికి మార్కులు లేవు.

గొరకలు అరిచాయి. ఐదు.

రేవులో కాసులమ్మ కనిపించింది. మా ఇంటిదాన్ని అప్పా అని పిలిచే చెల్లెలు. మా ఇంటిది పోయి తొమ్మిదేళ్లయినా మరదలు హోదా మాత్రం వదులుకోలేదు. వంపులో నడుంలోతు నీళ్లలో నిలబడి, బురదలో కాళ్లతో తడివి గుల్లలు తీసే ఆడవాళ్లు నలభై మంది. వాళ్లందరికీ ఆమే పెద్ద. ఆ నలభై ఇళ్ల కూరా గుల్లే, కూలీ గుల్లే.

నీళ్లు కాళ్లకు వెచ్చగా తగులుతున్నాయనీ, అడుగు బురద కుళ్లిన గుడ్డు వాసన వేస్తోందనీ చెప్పింది. తలుపు తీసి ఎన్నాళ్లయిందని అడిగింది. నలభై ఒక్క రోజులు అన్నాను. ఇవాళ నేను మాట్లాడిన మాటలు ఆ మూడే.

తలుపు అంటే వంపు మూతికి కట్టిన ఇనుప తలుపు. సముద్రం పెరిగి ఊళ్లోకి రావడం మొదలుపెట్టాక కట్టారు. మొదట్లో ప్రతి పోటుకీ తీసి, పాటుకి నీళ్లు బయటికి పోనిచ్చి మూసేవారు. తర్వాత రోజుకోసారి. తర్వాత వారానికోసారి. తలుపు తీస్తే కింది రోడ్డులోకి మోకాలిలోతు నీళ్లు వస్తాయి. అఖాతం ఆరోగ్య మండలి వారి ఆఫీసు కింది రోడ్డులోనే ఉంది. సముద్రానికి దగ్గరగా ఉంటే సముద్రాన్ని బాగా అర్థం చేసుకోవచ్చని అక్కడ కట్టారు. అర్థం చేసుకున్నారు. మూసేశారు.

మొత్తం మార్కులు అరవై కిందికి దిగితే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. మూడు పోట్లు తెరిచే ఉంటుంది, ఎవరూ ఆపలేరు. అరవై దిగకపోతే ఎవరూ తీయించలేరు. అదీ చట్టమే.

షష్ఠి

ఇవాళ ఒక సంగతి తట్టింది. తట్టాల్సిన రోజున తట్టలేదు.

గొరక పొద్దుటిపూట అరవదు. పొద్దు వాలాక అరుస్తుంది. మా నాన్న పడవలో కూర్చోబెట్టి నేర్పిన మొదటి పాఠం అది. పోయిన ఏడాదంతా తెడ్డుకి చెవి ఆనిస్తే ఏమీ వినబడేది కాదు. ఈ సంవత్సరాది ముందు మండలి వారు నీళ్లలో నల్ల బుడ్లు వేలాడదీశారు. ఆ మర్నాటి నుంచీ పొద్దున్నే గొరకలు. నేను సంతోషపడ్డాను. సంతోషపడ్డవాడు సరిగ్గా వినడు.

ఇవాళ నూరు కాకుండా ఐదు వందలు లెక్కపెట్టాను. నాలుగు అరుపులు. ఒక పెద్ద అరుపు. తెడ్డు పడవ అంచుకు తగిలిన చప్పుడు. ఆపైన ఒక దగ్గు. మళ్లీ నాలుగు అరుపులు, ఒక పెద్ద అరుపు, తెడ్డు చప్పుడు, దగ్గు.

చేపలు దగ్గవు. చుట్ట కాల్చేవాళ్లు దగ్గుతారు.

ఆ దగ్గు నాదే. పన్నెండేళ్ల కిందట చదువుకున్నవాళ్లు ఇద్దరు నా పడవలో కూర్చుని, ఒక పున్నమి సాయంత్రం నీళ్ల చప్పుడు యంత్రంలో పట్టుకున్నారు. మాట్లాడొద్దు తాతా అన్నారు. నాకు ఆ ఇబ్బంది లేదు. దగ్గొద్దని చెప్పడం మరిచిపోయారు.

నల్ల బుడ్లు నా దగ్గును నీళ్లలో వినిపిస్తున్నాయి. నాడి అరవై చెవులతో విని, వంపు ఆరోగ్యంగా ఉందని రాసుకుంటోంది.

ఐదు వేశాను. అలవాటు.

సప్తమి

మండలి ఆఫీసుకి వెళ్లాను. గుమ్మం దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను. మూడోసారి వర్ధన్ గారే చూసి లోపలికి పిలిచారు. ఆయన మా పైఅధికారి. ముప్పై ఐదేళ్లుంటాయి. మంచివాడు. కుర్చీ చూపిస్తాడు, నీళ్లిస్తాడు, చెప్పింది మొత్తం వింటాడు. వినడం వరకూ ఆయన నాకంటే గొప్ప సాక్షి.

దగ్గు సంగతి చెప్పాను. ఆయనకు ముందే తెలుసు. దాన్ని ఆహ్వాన ధ్వని అంటారట. ఇక్కడ చేపలున్నాయి అనుకుని బయటి చేపలు వస్తాయట. తలుపు మూసి ఉంది కదా, ఎలా వస్తాయని అడిగాను. అది వేరే విభాగం అన్నారు.

ఆ అరుపులు నాడి లెక్కలోకి వస్తున్నాయి కదా అన్నాను. ఆయన నా గ్లాసులో ఇంకొంచెం నీళ్లు పోశారు.

"ధ్వని ధ్వనే కదండీ తాతగారూ. ఎవరు చేశారన్నది నాడి అడగదు. అయినా మీరు కూడా రోజూ విని ఐదు వేశారు కదా."

ఇచ్చిన నీళ్లు తాగి వచ్చేశాను. సీసా నీళ్లు. చల్లగా ఉన్నాయి.

అష్టమి

కాసులమ్మ గంప నిండా గుల్లలు తెచ్చి నా పడవ ముందు కుమ్మరించింది. అన్నీ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. గుల్లను కాళ్లతో తడివి, బురదలోంచి పెకలించి తీయాలి. ఇప్పుడు ఆ పని లేదు. బురదలో ఊపిరాడక అవే పైకి వచ్చి పడుకున్నాయి. ఏరుకోవడమే. ఇంత సులువు ఎన్నడూ లేదని ఆడవాళ్లు ఏడుస్తున్నారు.

ఆమె లెక్క చెప్పింది. పున్నమి పోటుకి తలుపు తీస్తే కొంత బతుకుతుంది. అష్టమి నవముల పోటుకి బలముండదు, తీసినా నీళ్లు కదలవు. పున్నమి దాటితే మళ్లీ అమావాస్యే. అన్నాళ్లు గుల్ల ఆగదు. ఒకసారి తుడిచిపెట్టుకుపోతే మళ్లీ తినే సైజుకి రావడానికి ఆరేడేళ్లు. అప్పటిదాకా నలభై ఇళ్లూ ఏం చేయాలో నాడి చెప్పదు.

ఆ తర్వాత, నువ్వెన్ని మార్కులేశావు బావా అంది. ఐదు అన్నాను. నిన్న అంది. ఐదు. మొన్న అంది. తెడ్డు తుడుచుకున్నాను.

నా మొహం చూసి ఆమెకు అర్థమైంది. ఐదుకి తక్కువ వేస్తే ఊరికే ఊరుకోరు. కింది రోడ్డులో బోర్డు కింద మైకు ఉంది. అక్కడికి వెళ్లి, అందరూ వినేలా, ఎందుకు తగ్గించావో నోటితో చెప్పాలి. పారదర్శకత అంటారు దాన్ని. ఇరవై రెండేళ్లలో నేను ఐదుకి తక్కువ వేయలేదు. వంపు బాగుందని కాదు. మైకు ఉందని.

"పెళ్లిలో గుమ్మానికి అడ్డుగా నిలబడి, మా అప్ప పేరు సెప్పి లోపలికెల్లు బావా అన్నాను. గురుతుందా? ఊరంతా సూత్తన్నాది. నువ్వు సెప్పలేక దొడ్డిదారిన దూరిపోనావు. అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వేలగొత్తాది?"

గంప తీసుకుని వెళ్లిపోయింది. గుల్లలు అక్కడే వదిలేసింది. సాయంత్రానికి వాసన వచ్చాయి.

దశమి

నేను సున్నా వేస్తే ఏమవుతుందో లెక్క కట్టాను. మొత్తం తొంభై రెండు. అందులో నా ఐదు పోతే ఎనభై ఏడు. తలుపు తెరుచుకోదు. మైకు దగ్గర నిలబడి చెమటలు పట్టించుకోవడం దండగ.

ఇంత మంచి కారణం దొరికాక ధైర్యంగా ఐదు వేశాను.

మండలి వారికి ఈ ఏటి దృఢ తీర బహుమతి వచ్చిందట. బోర్డు మీద పూలు చుట్టారు. ఆ పూలు నిజమైనవి.

ద్వాదశి

కాసులమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి తిట్టలేదు. తిట్టనప్పుడే ఆమెను చూసి భయపడాలి.

పోయిన నెల ఎవరిదో పెళ్లి పడవ బాజాలతో వంపులో తిరిగింది. ఆ గంటసేపూ నాడి ఆరు మార్కులు తగ్గించింది. చేపలు కంగారు పడుతున్నాయని బోర్డు మీద వేసింది. లేని చేపలు కంగారు పడినందుకు పెళ్లివాళ్లు సంజాయిషీ రాసిచ్చారు. కాసులమ్మకు అది గుర్తొచ్చింది.

మావాళ్లు వెనక ఒక వేట చేసేవాళ్లు. వల చుట్టూ కట్టి, మిగిలిన పడవలన్నీ ఒక వైపు నుంచి అంచుల మీద కర్రలతో మోత మోగిస్తూ వచ్చేవి. ఆ మోతకి చేప బెదిరి వలలో పడేది. నా చిన్నప్పుడు ఆ మోత వింటే ఒడ్డున కుక్కలు కూడా పారిపోయేవి. వల వేయడం మానేసినా ఆ దెబ్బ ఎలా కొట్టాలో ఆడవాళ్లకి తెలుసు. వాళ్ల అమ్మల దగ్గర నేర్చుకున్నారు.

ఒక పెళ్లికి ఆరు తగ్గితే, పదకొండు పడవల మోతకి ఎంత తగ్గుతుంది అని ఆమె ప్రశ్న. నేను ఐదో తరగతి. తెలియదన్నాను.

చతుర్దశి

కాసులమ్మ మండలికి వెళ్లి అనుమతి తెచ్చుకుంది. సంప్రదాయ వేట ప్రదర్శన, పున్నమి రోజు పొద్దున, చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం అని రాసిచ్చిందట. వర్ధన్ గారు చాలా సంతోషించి ఒడ్డున కుర్చీలు వేయిస్తానన్నారు. షామియానా కూడా ఇస్తారట. నాడి ఆఫీసు, ప్రదర్శనల ఆఫీసు పక్కపక్క గదులే. మధ్య తలుపు మూసి ఉంటుంది. తలుపులు మూయడంలో మండలి వారికి సాటి లేరు.

ఐదు వేశాను. ఇదే ఆఖరు ఐదు అనుకున్నాను. చాలాసార్లు అనుకున్నాను ఇలా.

పౌర్ణమి

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పోటు తొమ్మిది గంటలకి. ఏడింటికే పదకొండు పడవలు బారుగా నిలబడ్డాయి. ఆడవాళ్ల చేతుల్లో తెడ్లు, రోకళ్లు, ఇత్తడి పళ్లేలు. నా పడవ ఒక పక్కగా ఉంది. ఒడ్డున కుర్చీల్లో జనం ఫలహారాలు తింటున్నారు. కాసులమ్మ ముందు పడవలో నిలబడి ఒక్క దెబ్బ కొట్టింది. తర్వాత అందరూ.

ఆ మోత చెవికి తగలలేదు. కాళ్ల కింద చెక్కలోంచి ఎక్కి పళ్లలోకి వచ్చింది. ఒడ్డున జనం చప్పట్లు కొట్టారు.

బోర్డు మీద తొంభై రెండు, ఎనభై ఐదు అయింది. ఆకుపచ్చ పసుపైంది. డెబ్భై ఎనిమిది. వర్ధన్ గారు కుర్చీలోంచి లేచారు. డెబ్భై ఒకటి. ఆయన ఫోను చెవికి పెట్టుకున్నారు. అనుమతి కాగితం మీద ఆయనదే సంతకం, అందులో పది గంటల దాకా అని ఉంది. అరవై ఏడు. అరవై నాలుగు.

అక్కడ ఆగిపోయింది.

పావుగంట కొట్టారు. అరవై నాలుగు. అరగంట కొట్టారు. ఒకావిడ అరచేయి చిట్లి రక్తం కారింది, పైట చుట్టుకుని కొట్టింది. అరవై నాలుగు. తేట నీళ్ల మార్కులు తగ్గవు. ఆ తేట పటికది. మిగిలింది నా నిన్నటి ఐదు. ఇవాళ్టిది వేసేదాకా లెక్కలో అదే ఉంటుంది.

ఎనిమిదీ ముప్పావు. కాసులమ్మ కొట్టడం ఆపి నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

పడవ ఒడ్డుకి లాగాను. కుర్చీల మధ్య నుంచి నడిచాను. ఎవరో ఈయన కూడా ప్రదర్శనలో భాగమా అని అడిగారు. బోర్డు కింద నిలబడి సున్నా వేశాను. నాడి గొంతు వచ్చింది. ఆడగొంతు, పంచదార పాకంలా ఉంటుంది. నమస్కారం గరికిన పోలయ్య గారూ, మీరు మార్కులు తగ్గించారు, కారణం నోటితో చెప్పండి, అందరికీ వినబడుతుంది అంది.

నాకు నోరు రాలేదు. కారణం నమోదు కాలేదు, నిన్నటి ఐదునే ఉంచమంటారా అని అడిగింది. ఎంత మర్యాద. ఇరవై రెండేళ్లుగా అది ఉంచుతూనే ఉంది.

అప్పుడు మాట్లాడాను. నా గొంతు నాలుగు వైపుల నుంచీ నాకే వినబడింది.

"నీళ్లలో చేపల్లేవు. మీకు వినబడతన్నది బుడ్డి పాట. అందులో దగ్గు నాది." ఆగాను. ఇంకా చెప్పాల్సింది ఉంది. "కింద గుల్ల సచ్చిపోతన్నాది. నేను రోజూ ఐదేసినాను. నాకు తెలిసే ఏసినాను, ఇక్కడ నిలబడాలని బయిమేసి. అది తప్పు. తలుపు తియ్యండి."

కారణం నమోదైంది, ధన్యవాదాలు అంది నాడి.

యాభై తొమ్మిది.

వంపు మూతి దగ్గర ఇనుము మూలిగింది. యాభై రెండు రోజుల తుప్పు ఒక్కసారి ఒళ్లు విరుచుకుంది. మొదట నురుగు, ఆ వెనక నీళ్లు, నల్లగా, చల్లగా, ఎవరి అనుమతీ అడగకుండా వచ్చాయి. పడవలు ఎగిరిపడ్డాయి. ఆడవాళ్లు తెడ్లు కింద పడేసి అంచులు పట్టుకున్నారు. కుర్చీలు తేలాయి. జనం ఇది కూడా ప్రదర్శనే అనుకుని కాసేపు ఉన్నారు, షామియానా కదిలాక వెళ్లిపోయారు.

నేను మైకు దగ్గరే ఉన్నాను. నీళ్లు పిక్కల దాకా వచ్చాయి. చల్లగా ఉన్నాయి.

బహుళ పాడ్యమి

మూడు పోట్లు గడిచాయి. మండలి ఆఫీసులో ఫైళ్లు ఆరబెట్టారు. నల్ల బుడ్లు తాళ్లు తెగి ఎటో పోయాయి. నా దగ్గు సముద్రంలోకి వెళ్లింది, ఇంక దాని అదృష్టం.

ఆడవాళ్లు నీళ్లలో దిగి చూసి వచ్చారు. తలుపుకి దూరంగా, కాలువ వైపు గుల్ల మొత్తం పోయింది. మధ్యలో పోయింది. తలుపు వైపు మూడో వంతు బతికింది. కాసులమ్మ ఆ చోటు చుట్టూ కర్రలు పాతింది. ఈ ఏడాది అక్కడ ఎవరూ కాలు పెట్టకూడదని అందరి చేతా ఒప్పించింది. నలభై ఇళ్లకి అది కష్టమే. కష్టమని తెలిసే ఒప్పుకున్నారు. నా దగ్గరికి వచ్చి, "మా అప్ప ఇన్నుంటే బాగున్ను" అంది. అంతే.

బోర్డు మీద ముప్పై ఎనిమిది. ఎర్రగా ఉంది. నీళ్లు కలక బారాయి, చప్పుడు లేదు. బహుమతి పూలు వాడిపోయాయి.

విదియ

పొద్దున్నే వర్ధన్ గారు రేవుకి వచ్చారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచారు, చెప్పులు చేత్తో పట్టుకున్నారు. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారనుకున్నాను. అలాంటిదేమీ లేదన్నారు.

మూడు పోట్లయ్యాక తలుపు మూసుకోవచ్చు గాని, మొత్తం నలభై కింద ఉంటే మూయకూడదని కూడా చట్టంలో ఉందట. ఎవరూ అంత కిందికి చదవలేదు. ఇప్పుడు ముప్పై ఎనిమిది. నేను మళ్లీ నా ఐదు వేస్తే నలభై మూడు. తలుపు మూసుకోవచ్చు, ఆఫీసు ఆరుతుంది, పైవాళ్లు ఊరుకుంటారు. ఒక్క రోజుకి వేయండి చాలు తాతగారూ అన్నారు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. రెండు రోజులుగా నిద్రపోయినట్టు లేరు. పాపం అనిపించింది. ఐదు వేసేవాణ్ణే, ఇదివరకు.

పడవ ఎక్కండి అన్నాను.

నడిమికి తీసుకెళ్లి తెడ్డు దించి, పిడి ఆయన చేతికిచ్చాను. చెవి ఎలా ఆనించాలో చూపించాను. నూరు లెక్కపెట్టమన్నాను. ఆయన బుద్ధిగా కళ్లు మూసుకుని విన్నారు. నూరయింది. లేవలేదు. ఇంకో నూరు విన్నారు. ఇంకోటి. పెదాలు కదులుతూనే ఉన్నాయి.

"ఏమీ వినబడడం లేదండీ," అన్నారు చివరికి.

"అదే రాయండి."

నేనా అన్నారు. విన్నవాడే రాయాలి, చట్టం అన్నాను. మానవ సాక్షికి మనిషి కావడం తప్ప వేరే అర్హత ఎక్కడా రాయలేదు. ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఈ పుస్తకం, పెన్సిలు ఆయన ఒళ్లో పెట్టాను. కింది గీత మీద ఆయనే రాశారు.

*ఏమీ వినబడలేదు. సున్నా. — తేజోవర్ధన్*

చేతిరాత బాగుంది, నాలాగా కోడి గీతలు కాదు. పడవ ఒడ్డుకి తిప్పాను. సగం దారిలో ఆయన గొంతు సవరించుకుని, మైకు దగ్గరికి నన్ను కూడా తోడు రమ్మన్నారు.

వస్తానన్నాను.